కళ్ళు మూసుకునే ముందు

మార్చి 3, సోమవారం

హారిక వెళ్ళిపోయింది. చెప్పలేదు, చీటీ ముక్క కూడా పెట్టలేదు. పొద్దున డ్యూటీకి రావాల్సిన పిల్ల ఎనిమిదైనా రాలేదని నర్సుల గదిలోకి వెళ్ళి చూస్తే, కుర్చీ మీద యూనిఫాం మడతపెట్టి ఉంది. ఇస్త్రీ కూడా చేసింది మహాతల్లి! ఫోన్ చేస్తే కలవదు. "ఎక్కడున్నావమ్మా" అని వాట్సాప్ పెట్టాను. ఒకటే టిక్కు. బ్లాక్ చేసింది. మూడేళ్ళు పక్కన నిలబెట్టుకుని సెలైన్ ఎక్కించడం నేర్పానా, ఆ చేత్తోనే నన్ను బ్లాక్ చేసింది.

గుడివాడలో ఎక్కడో చేరిందట. జనవరి నుంచి ఇది నాలుగో మనిషి. వెళ్ళాలంటే మూడు నెలలు ముందు చెప్పాలని సంతకం పెట్టి చేరినవాళ్ళే అందరూ. ఒరిజినల్ సర్టిఫికెట్లు మేనేజరు గదిలో బీరువాలో పెట్టుకున్నాం, ఎక్కడికి పోతారులే అనుకుంటాం. చిన్న చిన్న ఆసుపత్రులవాళ్ళు జిరాక్సులు చూసి చేర్చుకుంటుంటే ఇంక బీరువా ఎందుకు, తాళం ఎందుకు?

బుల్లెమ్మకు డ్రెస్సింగ్ చేస్తూ గొణుక్కుంటుంటే వినేసింది. గిలకలదిండి మనిషి, షుగరు పుండుతో నెల్లాళ్ళుగా ఆరో మంచం మీద ఉంది. "సముద్రంలో పోటూ పాటూ నీకు చెప్పి వస్తాయా నర్సమ్మా? నువ్వూ చెప్పకుండా పోవాల్సింది ఎప్పుడో" అంది. కాలు కదపకుండా పడుకోమన్నాను.

మార్చి 5, భస్మ బుధవారం

ఈ రోజు రేవతి. ఇది యూనిఫాం కూడా వదల్లేదు.

మార్చి 7, శుక్రవారం

ముప్ఫై మంచాలకు మిగిలింది నేను, దీవెన, ఇంకా సూది పట్టుకోవడం సరిగ్గా రాని ఇద్దరు ట్రైనీ పిల్లలు. మేనేజరు శామ్యూల్ రాజ్ గారు, "మనవాళ్ళనే చూసి పెట్టుకుందామండీ రాజకుమారి గారూ, దైవభయం ఉంటుంది" అన్నారు. వెళ్ళిపోయినవాళ్ళలో ముగ్గురు మనవాళ్ళే. ఆ మాట ఆయనతో అనలేదు.

దీవెన ఉంది, నాకు అది చాలు. అన్నమ్మక్క నాలుగేళ్ళ కిందట నాగాయలంక నుంచి వచ్చి, తన కూతురు దీవెననీ, దాని సర్టిఫికెట్ల కవరునీ ఒకేసారి నా చేతిలో పెట్టింది. "నీ దగ్గరుంటే నా దగ్గరున్నట్టే చెల్లీ" అంది. ఇద్దరం ఒక ఊళ్ళో పుట్టి, ఒక గుళ్ళో పాటలు పాడుకున్నవాళ్ళం. ఆ కవరు బీరువాలో పెట్టింది నేనే. పిల్లను నాతోపాటు చిలకలపూడిలో నా ఇంట్లో పెట్టుకున్నాను. మా ఆయన పోయాక ఆ ఇంట్లో మనిషి గొంతు వినపడింది మళ్ళీ అప్పుడే. ఇంట్లో పిన్నీ అంటుంది, వార్డులో మేడమ్ అంటుంది. ఎప్పుడూ పొరపాటు పడలేదు. పని చేసేటప్పుడు ఏదో ఒకటి కూనిరాగం తీస్తూనే ఉంటుంది. పేషెంట్లకు అది ఇష్టం. నేనే, ఇదేమన్నా చర్చి క్వయరా అని కసురుతుంటాను.

మార్చి 12, బుధవారం

అన్నం తింటూ చెప్పింది. చెన్నైలో పెద్ద ఆసుపత్రి. పుట్టిన బిడ్డల వార్డు. ఫోన్లోనే మూడుసార్లు ఇంటర్వ్యూ చేశారట. నేను డ్యూటీలో ఉన్నప్పుడు మాట్లాడిందన్నమాట. ఇరవై నాలుగున చేరాలి. ఒరిజినల్స్ చూపించకపోతే గేటు లోపలికి కూడా రానివ్వరట.

"నోటీసు ఇవ్వవా?" అన్నాను.

"మూడు నెలలు ఆగమంటే వాళ్ళు ఆగరు పిన్నీ. ఇంకో పిల్లని పెట్టుకుంటారు. నర్సింగ్ కౌన్సిల్ రెన్యువల్‌కి ఒరిజినల్స్ కావాలని సార్‌ని అడుగుతాను. ఇచ్చాక ఇరవై రెండున వెళ్ళిపోతాను. మీకు చెప్పకుండా మాత్రం పోను, అందుకే చెప్తున్నాను."

"ఇక్కడ ఏం తక్కువైంది నీకు?"

కంచంలో మెతుకులు కెలికింది. తర్వాత అంది, "ఇక్కడే ఉంటే నేనూ మీలాగే అయిపోతానేమో పిన్నీ."

తిట్టడానికి అనలేదు. నా మీద జాలితోనే అంది, కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. నేనేం బాధపడలేదు. చిన్నపిల్ల, నోటికొచ్చింది అంది. పెరుగు వేసుకోమన్నాను.

ఆ తర్వాత అన్నమ్మక్క ఫోన్. "చెల్లీ, నువ్వొక్కదానివే దాని ఉద్యోగం కోసం ప్రార్థన చెయ్యి. గుడివాళ్ళ కూడికలో మాత్రం దాని పేరు ఎత్తకు తల్లీ, మేనేజరు గారి భార్య వస్తుంది గదా." సరే అక్కా అన్నాను.

మార్చి 13, గురువారం

నాకు నలభై తొమ్మిది. ఇరవై రెండేళ్ళు ఈ ఒక్క ఆసుపత్రిలోనే చేశాను. ఎంతమందికి పురుళ్ళు పోశాను, ఎంతమంది కళ్ళు మూశాను. బందరు బజార్లో నడుస్తుంటే "సిస్టరమ్మా" అని పిలిచి కొబ్బరిబోండాం కొట్టించేవాళ్ళున్నారు. నాలాగ అయిపోవడం అంటే ఏమిటి?

బాధపడలేదు. ఊరికే రాసుకున్నాను.

మార్చి 14, శుక్రవారం

ఈస్టరు ముందు శ్రమకాల కూడిక ఈ రోజు సత్యవతమ్మ గారింట్లో. దీవెన డ్యూటీలో ఉంది. పాటలయ్యాక పాస్టరు అయ్యగారు నన్ను విజ్ఞాపన ప్రార్థన చెయ్యమన్నారు. నేను చేస్తే బాగుంటుందని అందరూ అంటారు, పేరుపేరునా దేవుడి ముందు ఎత్తుతానని. అందరం తలలు వంచాం, కళ్ళు మూసుకున్నాం. రోగులను ఎత్తాను, బంటుమిల్లిలో బస్సు కింద పడ్డ మనిషిని ఎత్తాను, సత్యవతమ్మ గారి మోకాళ్ళను ఎత్తాను. తర్వాత ఎలా వచ్చిందో వచ్చేసింది. "ఇరవై నాలుగున చెన్నైలో కొత్త ఉద్యోగంలో చేరబోతున్న నీ కుమార్తె దీవెనకు తోడై ఉండు తండ్రీ."

నోరు జారింది. అంతే. ప్రార్థనలో మునిగినప్పుడు మనిషికి ఒళ్ళు తెలియదు. ఎవరెవరున్నారో నాకేం తెలుసు, కళ్ళు మూసుకునున్నాను. ఆమేన్ అన్నప్పుడు గట్టిగా వినపడిన గొంతు ఏంజెల్‌ది. మేనేజరు గారి భార్య. వస్తుందని నేననుకోలేదు.

ప్రసాదించేవాడు దేవుడు, ఆపేవాడూ దేవుడే. ఆత్మ నడిపించకపోతే ఆ మాట ఎందుకు వస్తుంది?

మార్చి 15, శనివారం

శామ్యూల్ రాజ్ గారు పిలిచారు. "దీవెన పొద్దున్నే వచ్చి రెన్యువల్ అనీ ఒరిజినల్స్ కావాలనీ అడిగిందండీ. ఇవ్వనన్నాను. దేవుడు సమయానికి తెలియజేశాడు, లేకపోతే ఇదీ పోయేది. మీ ఇంట్లో ఉండే పిల్ల, మీక్కూడా చెప్పలేదా?"

"లేదండీ" అన్నాను.

"మూడు నెలలు చేసి దర్జాగా వెళ్ళమనండి. పూలదండ వేసి పంపిద్దాం."

దీవెన లేబర్ రూము బయట నిలబడి ఉంది. మొహం పాలిపోయింది. "సార్‌కి తెలిసిపోయింది మేడమ్. ఎలా తెలిసిందో" అని నా మొహంలోకి చూసింది. ఆసుపత్రి గోడలకు చెవులుంటాయమ్మా అన్నాను. చూస్తూనే ఉంది. ఆరో మంచం డ్రెస్సింగ్ టైమైందని వెళ్ళిపోయాను. దొంగకు తేలు కుట్టినట్టయింది నా పని.

మార్చి 17, సోమవారం

పక్కింటి జానకి వాళ్ళు రోల్డుగోల్డు పని చేస్తారు. తెల్లరాళ్ళ కమ్మలు ఒక జత చేయించి దీవెనకు ఇచ్చాను. "ఎందుకు పిన్నీ?" అంది. ఊరికే అన్నాను. పెట్టుకుని అద్దంలో చూసుకుంది. బాగున్నాయి. నవ్వలేదు.

మార్చి 20, గురువారం

చీకటి పడకముందే ఇద్దరం ఇంటికి వచ్చాం. టీ ఇచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"పిన్నీ, నాతో ఏమైనా చెప్పాలా మీరు?"

"ఏం చెప్పాలి?"

"ఏం లేదు. బీరువాకి రెండో తాళంచెవి మీ దగ్గర ఉండాలి కదా. మత్తుమందుల రిజిస్టరు కోసం ఇచ్చారని మీరే ఒకసారి అన్నారు."

"అది ఎప్పుడో తిరిగి ఇచ్చేశాను."

"అవునా" అంది. కప్పు తీసుకుని వెళ్ళిపోయింది. కప్పు కడుగుతున్నంతసేపూ కూనిరాగం వినపడుతుందేమోనని చెవులు రిక్కించుకుని కూర్చున్నాను. నీళ్ళ చప్పుడే వినపడింది.

తాళంచెవి నా బైబిలు కవరు జిప్పులో ఉంది. కానీ నేను ఇచ్చి ఉంటే ఏమయ్యేది? ఇరవై రెండేళ్ళ మంచి పేరు గంగలో కలిసేది. ముప్ఫై మంచాల మనుషుల్ని ఎవరు చూస్తారు? బుల్లెమ్మ కాలు ఎవరు చూస్తారు? నా ఒక్కదాని కోసమా నేను లేదన్నది?

మార్చి 22, శనివారం

దీవెన డ్యూటీకి వచ్చింది.

మార్చి 24, సోమవారం

దీవెన డ్యూటీకి వచ్చింది. పదకొండు గంటలప్పుడు ఫోన్ మోగింది. చూసి, ఎత్తలేదు. మళ్ళీ మోగింది. ఆపేసి జేబులో పెట్టుకుని నాలుగో మంచానికి ఇంజెక్షన్ చేసింది.

మార్చి 29, శనివారం

అంతా సర్దుకుంది. చెన్నైవాళ్ళు ఇంకో పిల్లను పెట్టుకున్నారట. పోన్లే, అంత దూరం, అరవం రాదు, తిండి పడదు. ఇక్కడైతే నేనున్నాను. నోటీసు జూన్ దాకా. ఈలోగా మనసు మారుతుంది. రొయ్యల పులుసు చేశాను, బాగానే తింది. "ఇంకొంచెం వెయ్యనా?" అంటే "చాలు మేడమ్" అంది.

ఇంట్లో మేడమ్ అంది. అలవాటులో వచ్చిందేమో.

ఏప్రిల్ 1, మంగళవారం

ఇవాళ కూడా మేడమ్ అంది.

ఏప్రిల్ 4, శుక్రవారం

కూడికకు వెళ్ళలేదు. తలనొప్పి అని చెప్పాను. ఏంజెల్ ఫోన్ చేసి, "మీ ప్రార్థన లేక వెలితిగా ఉందక్కా" అంది. పాపం ఆమెకేమీ తెలియదు. ఆ రోజు కూడా ఆమె ఆనందంగానే ఇంటికి వెళ్ళి, "మన దీవెనకు చెన్నైలో ఉద్యోగం వచ్చిందటగా" అని మొగుడితో అని ఉంటుంది. కడుపులో ఏ కల్మషమూ లేని మనిషి. అది నాకు తెలుసు. ఆమె నోట నిలవదని బందరులో అందరికీ తెలుసు.

ఏప్రిల్ 7, సోమవారం

ఆరో మంచానికి డ్రెస్సింగ్ చేస్తూ, పక్కనున్న పేషెంటు కొడుకు మీద దీవెన గట్టిగా అరిచింది. "చెప్పులు బయట విప్పమని ఎన్నిసార్లు చెప్పాలి?" అని. ఆ గొంతు ఎక్కడో విన్నట్టుందే అనుకున్నాను. బుల్లెమ్మ కిసుక్కున నవ్వింది.

"ఈ పిల్లకు అచ్చం నీ పోలికే వచ్చేసింది నర్సమ్మా! మాటా అదే, మూతి బిగించడమూ అదే. నెల కిందట ఎంత పాటలు పాడేది! బాగా తయారు చేశావులే."

మెచ్చుకుందనుకుంటున్నాను ముసలిది. దీవెన తల ఎత్తలేదు. గాజుగుడ్డ చుట్టి, కత్తిరించి, ట్రే తీసుకుని వెళ్ళిపోయింది. నేను స్టోర్ రూములోకి వెళ్ళి తలుపు వేసుకున్నాను. ఏడుపు ఆగలేదు. దూది నోట్లో కుక్కుకుని ఏడ్చాను. ఏ మాట విన్నాక నాలో కసి పుట్టిందో, ఆ మాటే నిజం చేసిపెట్టాను ఆ పిల్లకు.

కసి అని రాశాను. కొట్టెయ్యాలి.

ఏప్రిల్ 10, గురువారం

నర్సుల గదిలో కుర్చీ మీద యూనిఫాం ఉంది. మడతపెట్టి. దాని మీద కాగితంలో చుట్టి కమ్మలు.

ఫోన్ కలవదు.

శామ్యూల్ రాజ్ గారు కేకలు వేశారు. "సర్టిఫికెట్లు లేకుండా ఎక్కడికి పోతుందండీ? తిరిగి రాక చస్తుందా?" ట్రైనీ పిల్లలిద్దరూ గోడకు అంటుకుని నిలబడ్డారు. హారికను తిట్టినట్టు, రేవతిని తిట్టినట్టు తిడతాననుకుని నా వైపు చూశారు. నేను తిట్టకుండా కమ్మల పొట్లం జేబులో వేసుకున్నాను. ఇంటికి వస్తే దాని మంచం మీద దుప్పటి కూడా మడతపెట్టి ఉంది.

ఏప్రిల్ 13, మట్టలాదివారం

అందరూ మట్టలు పట్టుకుని గుడికి వెళ్ళారు, మేనేజరు గారూ వెళ్ళారు. నేను తాళంచెవి తీసుకుని ఆయన గదిలోకి వెళ్ళాను. బీరువా తెరవడానికి ఒక్క నిమిషం కూడా పట్టలేదు. నెల రోజుల కిందట కూడా ఒక్క నిమిషమే పట్టేది.

దీవెన కవరు పై అరలోనే ఉంది. కింద అరలో పాతవి. వెళ్ళిపోయినవాళ్ళవి, తిరిగి రానివాళ్ళవి, మళ్ళీ అడగనివాళ్ళవి. అట్టడుగున గోధుమరంగు ఫైలు, పైన నా పేరు, నా చేతిరాతే. ఇంటిపేరు పెళ్ళికి ముందుది. ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి కూడా అడిగి తీసుకోలేదు. కాకినాడలో మిషన్ ఆసుపత్రి నుంచి ఒకసారి రమ్మని కార్డు వచ్చింది, మా ఆయన బతికున్న రోజుల్లో. ఒరిజినల్స్ అడిగితే ఏమనుకుంటారోనని అడగలేదు. ఫైలు తెరిచాను. చెమ్మకు కాగితాలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. విడదీయబోతే నా ఫోటో చిరిగింది. మళ్ళీ అక్కడే పెట్టేశాను.

దీవెనది మాత్రం తెచ్చాను.

ఏప్రిల్ 14, సోమవారం

సెలవు పెట్టలేదు, చెప్పలేదు. పొద్దున్నే నాగాయలంక బస్సెక్కాను. కవరు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. చల్లపల్లి, మోపిదేవి, పులిగడ్డ... ఊళ్ళు దాటుతున్నకొద్దీ అన్నమ్మక్కతో ఏం చెప్పాలో కూడబలుక్కున్నాను. నాగాయలంకలో దిగేసరికి ఒక్క ముక్క గుర్తు లేదు.

అక్క గుమ్మంలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. లేవలేదు. కూర్చో అని పీట జరిపింది. కవరు ఇచ్చాను. తీసి, ఒక్కొక్క కాగితం లెక్కగా చూసుకుని, కొంగుతో తుడిచి, మళ్ళీ పెట్టింది.

"దీవెన ఎక్కడుందక్కా?"

"హైదరాబాదు. ఎవరో ముసలాయన మంచంలో ఉంటే చూసుకోవడానికి పెట్టుకున్నారు. పదో తరగతి చదివితే చాలంట దానికి. నర్సునని చెప్పుకోలేదంట."

ఆ మాట విని నా ప్రాణం అక్కడే పోతే బాగుండేది. "నోరు జారిందక్కా" అన్నాను. "ప్రార్థనలో... తెలీకుండా వచ్చేసింది."

అక్క గింజలు తీస్తూనే ఉంది. "ఏంజెలమ్మ ఆ సాయంత్రమే ఫోన్ చేసింది, కంగ్రాట్స్ చెప్దామని. రాజకుమారి గారు ఎంత బాగా ప్రార్థించారో అంది. దీవెనకూ అప్పుడే తెలుసు, సార్ చెవిన పడేలోపు కాగితాలు అడుగుదామని పొద్దున్నే పరిగెత్తింది."

"అప్పుడే తెలుసా?"

"నేను నీకు ఫోన్ చేసి కడిగేద్దామనుకున్నా. అదే ఆపింది. పిన్ని తనంతట తనే చెప్తుందమ్మా, నువ్వు అడగొద్దు అంది. తాళం కూడా అందుకే అడిగింది. నెల రోజులు చూసిందే, పిచ్చి మొహంది, నీ ఇంట్లో నీ అన్నం తింటా చూసింది."

నేను అక్క కాళ్ళు పట్టుకున్నాను. విదిలించలేదు, లేవదీయనూ లేదు. కాసేపటికి, "మధ్యాహ్నం బస్సు పోతే మళ్ళీ నాలుగింటికే. తినేసి వెళ్ళు" అంది. పప్పుచారు పోసింది. తిన్నాను. బయల్దేరుతుంటే గుమ్మం దాకా వచ్చి అడిగింది, "నిజంగా నోరు జారిందా చెల్లీ?"

"నిజంగానే అక్కా" అన్నాను.

ఏప్రిల్ 16, బుధవారం

ట్రైనీ పిల్లల్లో ఒకతి రాలేదు. శామ్యూల్ రాజ్ గారు బీరువాలో కవరు లేదని ఇంకా చూసుకోలేదు. చూసుకుంటే నేనే అని చెప్తాను. చెప్తానా?

ఏప్రిల్ 18, మంచి శుక్రవారం

మధ్యాహ్నం ఆరాధనలో అయ్యగారు విజ్ఞాపన చెయ్యమన్నారు. గొంతు బాగోలేదని తల అడ్డంగా ఊపాను. ఏంజెల్ చేసింది. నన్ను కూడా ఎత్తింది, "ఒంటరిగా అంత భారం మోస్తున్న నీ దాసురాలిని" అని. గుడి అంతా ఆమేన్ అంది. చెవులు మూసుకోవాలనిపించింది.

ఇంటికొచ్చి దీవెనకు మెసేజ్ పెట్టాను. "కాగితాలు అమ్మ దగ్గర ఉన్నాయి. వెళ్ళి మళ్ళీ అడుగు, ఎక్కడో ఒకచోట పుట్టిన బిడ్డల వార్డు దొరుకుతుంది. నోరు జారలేదు." ఒకటే టిక్కు. గంట తర్వాత చూశాను, ఒకటే. ఇప్పుడు చూశాను, ఒకటే.

రేపటి డ్యూటీ చార్టు రాశాను. పగలు గడిలో నా పేరు, రాత్రి గడిలో నా పేరు.

ఈ డైరీ ఎవరూ చదవరు. చదివేవాళ్ళు లేని చోట కూడా అబద్ధమే రాసుకున్నాను, ఎవర్ని మోసం చెయ్యడానికో. మార్చి పధ్నాలుగున సత్యవతమ్మ గారింట్లో అందరూ తలలు వంచారు. నేను వంచలేదు. అయ్యగారు కళ్ళు మూసుకునేదాకా ఆగి, గది అంతా వరసగా చూశాను. ఏంజెల్ తలుపు పక్కన కూర్చుంది. నీలం చీర, తల మీద కొంగు. ఉందని చూసుకున్నాను. అప్పుడు కళ్ళు మూసుకున్నాను.